ఆ ఆర్టిస్టుల ప్రేమకథ డీవీడీ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

ఫ్రెండ్స్, ఇద్దరు కుర్ర ఆర్టిస్టుల ప్రేమ మీద వచ్చిన చిన్న ఇండిపెండెంట్ సినిమా ఒకటుంది. సగం నటులతో, సగం చేత్తో గీసిన బొమ్మలతో నడుస్తుంది. దాన్ని 'రీస్టోర్ చేసిన డైరెక్టర్స్ కట్ డీవీడీ' అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. నేను కొని మోసపోయాను.

ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ సినిమా చూసి రెండేళ్లయింది. అప్పటి నుంచీ మళ్లీ చూడాలని వెతుకుతూనే ఉన్నాను. డీవీడీ కనబడగానే ఆగలేకపోయాను. సైట్ ద్వారా కాకుండా నేరుగా తన ఖాతాకు పంపితే రేటు తగ్గిస్తానని సెల్లర్ మెసేజ్ పెట్టాడు. పంపేశాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

ఈ సినిమాను 4:3 ఫ్రేమ్‌లో తీశారు, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు, పాత టీవీల ఆకారం. అందులో నాకు ప్రాణమైన సీన్ ఒకటుంది. అతను నిచ్చెనెక్కి గోడ మీద బొమ్మ వేస్తుంటాడు, ఆమె కింద నిచ్చెన పట్టుకుని తలెత్తి చూస్తుంటుంది. మాటలుండవు. ఫ్రేమ్ పై అంచున అతని ముఖం, కింది అంచున ఆమె ముఖం, మధ్యలో ఆ మెట్లు. ఈ డీవీడీలో టీవీ స్క్రీన్ నిండాలని పైనా కిందా కోసి 16:9 చేసేశారు. అంటే బొమ్మలో పావు వంతు పోయింది. ఆ సీన్లో ఇప్పుడు అతని తల లేదు, ఆమె కళ్లు లేవు. నిచ్చెన ఒక్కటే మిగిలింది. చూస్తుంటే ఏడుపొచ్చింది.

యానిమేషన్ భాగాలు ఇంకా ఘోరం. సెకనుకు 24 ఫ్రేములున్నా, చేత్తో గీసే యానిమేషన్‌లో చాలావరకు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. ఆ చిన్న కుదుపులోనే గీసిన చెయ్యి తెలుస్తుంది. వీళ్లు ఫ్రేమ్ రేటు మార్చేటప్పుడు పక్కపక్క ఫ్రేములను కలిపేశారు. పాజ్ చేస్తే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ నీడలా పడి కనిపిస్తోంది.

డిస్క్ తిప్పి చూస్తే అడుగు ఊదారంగు. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డీవీడీ అడుగు మామూలుగా వెండిరంగులో మెరుస్తుంది, కంప్యూటర్లో కాపీ చేసుకునేవాటికే ఆ ఊదా పూత. అయితే ఊదావన్నీ దొంగవని కాదు. తమ సినిమాను తామే డిస్కులకెక్కించి అమ్ముకునే చిన్న దర్శకులూ ఉన్నారు, వాళ్ల దగ్గర తప్పకుండా కొనండి. అందుకే ఈ సినిమా తీసినవాళ్లకే మెయిల్ రాసి అడిగాను. తాము డీవీడీ విడుదలే చేయలేదని జవాబొచ్చింది. మనం కట్టే డబ్బులో వాళ్లకు చిల్లిగవ్వ కూడా చేరదు.

సెల్లర్‌ని అడిగితే సీల్ తీశాక వాపసు లేదన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. డబ్బు తమ ద్వారా రాలేదు కాబట్టి ఏమీ చేయలేమని సైట్‌వాళ్లు చెప్పారు. ఎవరి దగ్గర కొన్నా సైట్‌లోనే కట్టండి. ముందుగా డిస్క్ అడుగు ఫోటో, టీవీలో సినిమా ఆడుతుండగా తీసిన ఫోటో అడగండి.

నిన్న అదే డీవీడీ వేరే పేరున్న ఖాతాలో మళ్లీ కనిపించింది. కవర్ ఫోటోలో కింద ఎడమ మూలన మడత ఉంటుంది, చూడండి. నాకొచ్చిన కవర్ మీదా అదే ఉంది. వేలితో తడిమితే నున్నగా ఉంది. అది మడత కాదు, మడతపడ్డ పోస్టర్‌ను స్కాన్ చేసి ప్రింట్ కొడితే పడిన గీత.