నీటి దినం స్టాల్‌లో కొన్న కొళాయి ఎరేటర్లు: రెండు వేసవులు వాడాక

ఎరేటర్ అంటే కొళాయి మూతికి బిగించే చిన్న జాలీ బిళ్ల, నీళ్ల ఖర్చు తగ్గిస్తుంది. ముందే చెప్పేస్తున్నాను. వంటింటి సింకుకి, వాష్‌బేసిన్‌కి కళ్లు మూసుకుని పెట్టించుకోండి. బాత్రూంలో బకెట్ నింపుకునే కొళాయికి మాత్రం డబ్బులు దండగ. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

2024 మార్చి ఎలా గడిచిందో బెంగళూరులో ఉన్న మనవాళ్లకి గుర్తు చేయక్కర్లేదు. సుమారు 13,900 సర్కారు బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్‌వాడు ఎంత చెబితే అంత, చివరికి జిల్లా అధికారులే దిగి 5 కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్ల ట్యాంకర్‌కి 1,000 రూపాయలని రేటు కట్టాల్సి వచ్చింది. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. హోలీ రెయిన్ డాన్సులకి కావేరి నీళ్లు వాడొద్దన్నారు. అదే ఊపులో జలమండలి హోటళ్లకీ, ఆఫీసులకీ, అపార్ట్‌మెంట్లకీ కొళాయి ఎరేటర్లు తప్పనిసరి చేసింది, మొదట పెట్టిన గడువు మార్చి 31. విడి ఇళ్లవాళ్లకి మాత్రం ఇష్టమైతేనే.

ఆ హడావిడి మధ్యలోనే మార్చి 22 వచ్చింది, అంటే ప్రపంచ నీటి దినం. 1992 రియో సదస్సులో ఈ ఆలోచన పుట్టింది, 1993 నుంచి ఏటా జరుపుతున్నారు, ఏడాదికో అంశం ఇస్తారు. 2022లో భూగర్భ జలాలు, 2024లో శాంతి కోసం నీరు. 2023లో ఉగాది కూడా అదే రోజు పడింది కాబట్టి మా కాంప్లెక్స్‌లో తెలుగు, కన్నడ కుటుంబాల ధ్యాసంతా పచ్చడి మీదే, నీటి దినం బ్యానర్ వైపు చూసినవాళ్లు లేరు. మరుసటేడు మాత్రం పిలవకుండానే జనం వచ్చారు, ఎందుకంటే అప్పటికే మాకు నీళ్లు పూటకి కొన్ని గంటలే వదులుతున్నారు.

కార్యక్రమం మామూలే. ప్రతిజ్ఞ చేయించారు, పిల్లల బొమ్మలకి బహుమతులిచ్చారు, వచ్చినవాళ్లందరికీ చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పంచారు. సగం తాగి కుర్చీల కింద వదిలేసిన సీసాలు బోలెడు, అదీ నీటి పొదుపు సభలో! పనికొచ్చింది మాత్రం మూలనున్న స్టాల్. రెండు కొళాయిలు పక్కపక్కన బిగించి, ఒకదానికి ఎరేటర్ పెట్టి, రెండిటినీ ఒకేసారి తిప్పి కింద రెండు జగ్గులు పెట్టాడు ఒక కుర్రాడు. ఒకటి నిండి పొర్లుతుంటే రెండోది ఇంకా సగానికి కూడా రాలేదు. ఉపన్యాసాలంతసేపూ కునుకు తీసిన మా మామగారు ఆ జగ్గులు చూసి లేచి వెళ్లి, "బాబూ, మాకు నాలుగియ్యి" అన్నారు.

ఇది చేసే పని చాలా చిన్నది. మామూలు కొళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల దాకా పోతుంది. ఎరేటర్ దారిని సన్నం చేసి, నీళ్లలో గాలి కలిపి వదులుతుంది కాబట్టి 3 నుంచి 6 లీటర్లే ఖర్చవుతాయి, అయినా చేతికి ధార నిండుగానే తగులుతుంది. వీటిలో మూడు రకాలున్నాయి: నురగలా వచ్చేది, షవర్‌లా వచ్చేది, మంచు తుంపరలా వచ్చేది. ఆ మూడోదాన్ని స్టాల్‌లో ఎక్కువగా పొగిడారు, నీళ్లు అన్నిటికంటే తక్కువ వాడుతుందని. వాడుతుంది నిజమే, కానీ దాని కింద సాంబారు గిన్నె కడిగి చూడండి. మా ఇంట్లో పని చేసే అమ్మాయిది మదనపల్లె వైపు, మొదటి రోజే "అక్కా, ఇది ఉమ్మినట్టు వస్తా ఉంది, దీంతో బోకులు ఎట్ల కడిగేది?" అంది. దాన్ని పీకేసి నురగ రకం పెట్టించాం. అప్పట్నుంచీ ఫిర్యాదు లేదు, గిన్నెల మీది సబ్బు కూడా త్వరగా వదులుతోంది, చీర మీద చిందడం తగ్గిందని ఆమెకే ఇప్పుడు ఇష్టం. తుంపర రకాన్ని వాష్‌బేసిన్‌కి మార్చాను, చేతులు కడుక్కోడానికి అది చాలు.

ఇక బకెట్ సంగతి. మన ఇళ్లలో స్నానం బకెట్, మగ్గుతోనే కదా. బకెట్‌లో పట్టేది 20 లీటర్లయితే ఎరేటర్ ఉన్నా లేకున్నా 20 లీటర్లే, నిండడానికి మాత్రం మూడింతల టైమ్ పడుతుంది, పొద్దున పూట ఇంట్లో అందరికీ టెన్షన్. నీళ్లు వదిలి ఉంచి చేసే పనులకే ఇది పొదుపు, కొలిచి పట్టుకునే చోట కాదు. ఇంత చిన్న విషయం స్టాల్‌లో ఎవరూ చెప్పలేదు, బాత్రూంకి కూడా కలిపి సెట్‌గా అమ్మారు. ఇంకోటి, ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి దగ్గరగా పై అంతస్తులో ఉండేవాళ్లకి అసలే ప్రెషర్ తక్కువ, వాళ్లకి ఇది నచ్చదు. మా పై ఫ్లాట్ వాళ్లు వారం తిరక్కుండానే తీసేశారు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి తెల్లటి గార. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడేవాళ్లకి చెప్పక్కర్లేదు, గీజర్ రాడ్ మీద ఏం పేరుకుంటుందో ఎరేటర్ జాలీలోనూ అదే పేరుకుంటుంది. కొన్నాళ్లకి ధార వంకరగా పక్కకి కొడుతుంది, తర్వాత చుక్కలు చుక్కలుగా వస్తుంది. అమ్మిన కంపెనీ ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు. కొనక్కర్లేదు. విప్పి, లోపలి జాలీ విడదీసి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మళ్లీ కొత్తదానిలా పని చేస్తుంది. ఈ చిన్న పని తెలియక మా బ్లాక్‌లో చాలామంది ఎరేటర్లు పీకి చెత్తబుట్టలో వేశారు.

ఇదే నాకు ఈ వార్షిక కార్యక్రమాల మీద ఉన్న కంప్లయింట్. 2024 అక్టోబర్‌లో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలై రోజుకి 77.5 కోట్ల లీటర్లు అదనంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది. చాలామందికి కాస్త ఊపిరి ఆడింది, దాంతోపాటు శ్రద్ధా పోయింది. మరుసటి మార్చి 22కి మళ్లీ బొమ్మల పోటీ పెట్టారు, అంశం హిమానీనదాలు, పిల్లలు చక్కగా మంచు కొండలు గీశారు. కిందటేడు పెట్టిన ఎరేటర్లలో ఇప్పుడెన్ని పని చేస్తున్నాయని మైక్‌లో ఒక్కరు అడగలేదు. ఆ కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తు మీదికి మోటార్లతో తోడుకొస్తే మన సింకులోకి వస్తున్నాయి, కరెంటు ఖర్చే ఎంతో! ఆ రోజు బ్లాక్‌కి ఒక ప్లంబర్‌ని పిలిచి ఇంటింటికీ జాలీలు విప్పి కడిగిస్తే ప్రతిజ్ఞ కంటే ఎక్కువ నీళ్లు మిగులుతాయి. మా అసోసియేషన్‌కి రాసిచ్చాను, చూద్దాం అన్నారు.

పనిలో పని, ఇంట్లో ఆర్‌వో ఉన్నవాళ్లు దాని వేస్ట్ పైపు కింద ఒక బకెట్ పెట్టండి. మామూలు మెషిన్లలో ఒక లీటరు మంచినీళ్లకి మూడు లీటర్లు పారబోతకి పోతాయి, ఎరేటర్‌తో మిగిల్చింది అక్కడ పోగొట్టుకోవడం ఎందుకు? ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు.

కొనేటప్పుడు కొళాయి మూతి సైజు చూసుకోండి. మర బయటికి ఉంటే ఎక్కువగా 22 మిల్లీమీటర్లు, లోపలికి ఉంటే 24. పాత ఇత్తడి కొళాయిలకి మర ఉండదు, వాటికి అడాప్టర్ అడగాలి. నురగ రకానికి నూట యాభై నుంచి మూడొందల్లోపు మంచిదే వస్తుంది, ప్లాస్టిక్ బాడీ వద్దు, మర తొందరగా అరిగిపోతుంది. రబ్బరు వాషర్ రెండోది కూడా అడిగి తీసుకోండి, మాకిచ్చినవి కొన్ని నెలలకే గట్టిపడి అంచుల్లోంచి కారాయి. నురగ రకానికి నాలుగు స్టార్లు, తుంపర రకానికి రెండు, అమ్మినవాళ్ల సర్వీసుకి ఒకటి.