జాజ్ కోసం నెక్ పికప్: హంబకర్ మేలా, పి-90 మేలా?

"అన్నా, జాజ్‌కు ఏ పికప్ ఎయ్యాలె?" హన్మకొండల నా దగ్గర గిటార్ నేర్చుకునేటోళ్ళల్ల నెలకు ఒక్కరన్నా ఇదే అడుగుతరు. పికప్ అంటె తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటు సంకేతంగ మార్చే అయస్కాంతం, దాని చుట్టు రాగి చుట్ట. అందరి చేతిల ఉండేది ఇంచుమించు ఒకటే: స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) ఆకారం, బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటికి ఆనే చోటు) దగ్గర హంబకర్ అనే రెండు చుట్టల పికప్, నెక్ (మెడ) దగ్గర సన్నని సింగిల్ కాయిల్, అంటె ఒకే చుట్టది. గిబ్సన్ కంపెనీ ఈఎస్-175 లాంటి బోలు గిటార్ కొనే తాహతు వాళ్ళకు లేదు, నాకూ లేదు. పోయిన నెల నా పాత గిటార్‌కే నెక్ పికప్ మార్చిన. జాజ్‌కు లెక్క నెక్ పికప్‌దే, బ్రిడ్జిది ఉన్నది ఉన్నట్టే ఉండనియ్యిండ్రి.

అడిగేటోళ్ళంతా 'మందంగ, మెత్తగ మోగాలె' అంటరు. నేనూ గట్లనే అనుకొని ఆరేండ్ల కింద ఇంకో గిటార్‌కు 15 కిలో ఓమ్‌ల (చుట్లు ఎక్కువైతె ఈ అంకె పెరుగుతది), సెరామిక్ అయస్కాంతమున్న హంబకర్ వేయించుకున్న. ఒక్కో తీగ మీటితే బాగనే ఉండె. కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టంగనే పప్పన్నం కలిపి ముద్ద చేసినట్టు అయ్యేది. మీరే చూడుండ్రి. జి13 అనే జాజ్ కార్డ్ పట్టుండ్రి: ఆరో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ మూడు, మూడో తీగ నాలుగు, రెండో తీగ ఐదు. జి, ఎఫ్, బి, ఇ స్వరాలు వస్తయి. నడిమిట్ల ఎఫ్, బి రెండూ ఒరుసుకునుడే ఆ కార్డ్ ప్రాణం, ఇ దాని మీద తేలాలె. నా సెరామిక్ పికప్ మీద ఎఫ్ ఎక్కడున్నదో, బి ఎక్కడున్నదో వాయించే నాకే తెలిసేది కాదు.

నా లెక్కల అసలు సంగతి ఇదే. మెత్తదనం టోన్ నాబ్‌ల ఉన్నది, దానికి పైసలు పెట్టుడెందుకు? వెలుగున్న (పై స్వరాలు స్పష్టంగ పలికే) పికప్‌ను నాబ్ 10 నుంచి 4కు దించి మెత్తగ చేసుకోవచ్చు. మబ్బు పట్టిన పికప్‌కు నాబ్ ఏడ పెట్టినా లేని వెలుగు రాదు. పికప్‌ల రాగి తీగ చుట్లు పెరిగిన కొద్దీ శబ్దం గట్టిగ వస్తది గాని పై స్వరాలు తగ్గిపోతయి, నడిమి స్వరాలు ఉబ్బుతయి. అందుకే తక్కువ చుట్లు, ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన) అయస్కాంతం. అన్నిటికంటె ముందు పైస ఖర్చు లేని పని ఒకటి చెయ్యుండ్రి: ఉన్న పికప్‌నే స్క్రూ తిప్పి, మందం తీగల వైపు ఇంకొంచెం ఎక్కువ దించుండ్రి. నా శిష్యుడు ఒకడు గంతటితోనే ఆగిపోయిండు, కొనలేదు.

ఇగ రెండింటి ముచ్చట. హంబకర్‌ను గిబ్సన్‌ల పనిచేసే సేత్ లవర్ 1955ల పేటెంట్‌కు పెట్టిండు, 1957 నుంచి గిటార్లకు ఎక్కింది. రెండు కాయిళ్ళు (చుట్టలు) ఎదురెదురు దిశల మోసుకొచ్చే హమ్ (చుట్టుపక్కల కరెంటు నుంచి వచ్చే గుయ్యిమనే శబ్దం) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది. ఎనిమిది కిలో ఓమ్‌లకు లోపు ఉండే పాత తరహావి, సేమోర్ డంకన్ '59, అదే కంపెనీ జాజ్ మోడల్ లాంటివి, జి13 పరీక్షల నెగ్గుతయి. కెనడా గిటారిస్ట్ ఎడ్ బికర్ట్ టెలికాస్టర్ అనే గట్టి చెక్క గిటార్ నెక్ దగ్గర హంబకర్ పెట్టుకొని ఏండ్ల తరబడి జాజే వాయించిండు, కాబట్టి బోలు గిటార్ లేదని బాధపడే పని లేదు. స్ట్రాట్‌ల 250 కిలో ఓమ్‌ల పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) ఉంటయి, హంబకర్ వేస్తే 500వి మార్చుండ్రి. లేకుంటె మళ్ళ మబ్బే.

పి-90 సుతం గిబ్సన్ పికప్పే, 1946 నాటిది. ఒకటే కాయిల్, వెడల్పుగ, బల్లపరుపుగ ఉంటది, అయస్కాంతాలు కిందుంటయి. జాజ్ గిటారిస్ట్ జిమ్ హాల్ ఈఎస్-175కు ఏండ్ల పాటు ఇదే ఉండె. ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ళ) తీగను తాకే ఆ 'టక్' సుతం వినిపిస్తది, ఆ వెనుకనే గుండ్రని స్వరం. కార్డ్‌ల ఏ స్వరానికి ఆ స్వరం విడివిడిగ నిలబడతది. మొన్న నేను వేసుకున్నది హంబకర్ సైజుల వచ్చే పి-90. పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించి ఉండే ప్లాస్టిక్ పలక) 11 స్క్రూలు విప్పి చూస్తే కింద చెక్క ఒకటే పెద్ద గుంతగ తొలిచి ఉండె, బతికిపోయిన. మీదాంట్ల మూడు సన్న గుంతలే ఉంటె రౌటర్ (చెక్క తొలిచే మిషన్) ఉన్న వడ్రంగి కావాలె. పిక్‌గార్డ్ ఎట్లైనా మార్చాల్సిందే.

దీని దోషం హమ్. దాచుడేముంది, ఎక్కువనే ఉంటది. మా ఇంట్ల ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ రెండు మీద పెడితె గుయ్య్ మని మొదలైతది, ఐదు మీద పెడితె తగ్గుతది. కిటికి దిక్కు తిరిగి కూసుంటె హమ్ సగం పోతది, బీరువ దిక్కు తిరిగితె పెరుగుతది. నాకిప్పుడు అలవాటైంది, కిటికి దగ్గరనే కుర్చీ. అట్లని చర్చిల, పెండ్లి ఆర్కెస్ట్రాల వాయించేటోళ్ళకు పి-90 చెప్ప. ఫంక్షన్ హాల్ల లైటింగ్ డిమ్మర్లు, జనరేటర్, ఎర్తింగ్ ఉన్నదో లేదో తెలియని బోర్డు: ఆడ కిటికి దిక్కు తిరుగుతానంటె కుదరది. వాళ్ళకు హంబకరే. ఇంట్ల, చిన్న గదిల, నలుగురు స్నేహితుల నడుమ వాయించేటోళ్ళు మాత్రం ఒక్కసారి పి-90 విన్నంక తీర్పు చెప్పుండ్రి.

గుంత తొలిపించే ధైర్యం లేనోళ్ళకు సింగిల్ కాయిల్ సైజుల వచ్చే హంబకర్లున్నయి, హమ్ పోతది, పనైతది. జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ పేరు మీది పికప్ 1936 నాటి గిబ్సన్ ఈఎస్-150 గిటార్ వారసత్వం, వింటె మనసాగదు గాని ఈడ దొరకది, తెప్పించుకుంటె గిటార్ కంటె అదే ప్రియమైతది. బ్యాటరీ మీద నడిచే యాక్టివ్ పికప్‌లు ఈ పనికి వద్దు.

తీగలు మాత్రం మార్చుండ్రి. ఫ్లాట్‌వౌండ్ (చదునైన చుట్టుతో నున్నగ ఉండేవి), మొదటి తీగ మందం 11 గాని 12 గాని (అంగుళంల వెయ్యో వంతుల లెక్క), మూడో తీగ చుట్టినదే ఉండాలె. బిగువు పెరుగుతది కాబట్టి ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) చూసుకోవాలె, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాట్లు ఇరుకైతె రాకేయించాలె. తీసేసిన పాత పికప్‌ను, దాని స్ప్రింగులను, రెండు స్క్రూలను ఒక కవర్ల కట్టి గిటార్ సంచిలనే పెట్టుండ్రి. గిటార్ అమ్మే రోజు వస్తె కొనేటోడు మొదలు అదే అడుగుతడు.