బేస్‌బాల్ రిఫరెన్స్: ఆల్‌రౌండర్ల లెక్క తేల్చే సైట్

పిచింగ్, బ్యాటింగ్ రెండింట్లోనూ రాణించినవాళ్లపై క్విజ్ తయారుచేయడానికి బేస్‌బాల్ రిఫరెన్స్ చాలు. ఆటగాళ్ల పేజీలు ఉచితం, రెండు పట్టికలూ ఒకేచోట ఉంటాయి. జపాన్ ఆటగాడు షోహే ఒహ్తానీ 2022: పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) 15 విజయాలు, 219 స్ట్రైకౌట్లు, బ్యాటర్‌గా 34 హోమ్ రన్లు. బేబ్ రూత్ 1918: 13 విజయాలు, 11 హోమ్ రన్లు.

తడబడేది ఇన్నింగ్స్ కాలమ్ దగ్గరే. రూత్ 1916లో వేసిన 323.2 దశాంశం కాదు. 323 ఇన్నింగ్స్, ఆపైన రెండు ఔట్లు. మన ఓవర్ల లెక్కలాంటిదే, కాకపోతే ఇక్కడ మూడు ఔట్లకు ఒక ఇన్నింగ్స్. ఎక్సెల్‌లో నేరుగా కూడితే మొత్తం తప్పుతుంది.

'రూత్ తర్వాత ఒహ్తానీయే' అని రాసేముందు నీగ్రో లీగ్స్ (ఒకప్పుడు అమెరికాలో నల్లజాతి ఆటగాళ్లకు విడిగా నడిచిన లీగులు) పేజీలూ తిరగేయండి. 2021 నుంచి సైట్ వాటినీ మేజర్ లీగ్ లెక్కల్లో కలిపింది; రెండూ చేసిన బుల్లెట్ రోగన్ అక్కడే దొరుకుతాడు. షరతులు పెట్టి వెతకాలంటే మాత్రం ఈ సైట్‌వాళ్ల వెతుకులాట సేవ స్టాట్‌హెడ్‌కు చందా కట్టాలి.