మహాబలిపురం: ప్యాకేజీ వాళ్లు చూపించని ఆవు

చెన్నై నుంచి ఒక్కరోజు ప్యాకేజీలో మాత్రం మహాబలిపురం వెళ్లకండి. మనిషికి 950 చొప్పున ముగ్గురికి 2,850 కట్టాం. ఉదయం ఏడింటికి వస్తుందన్న బండి ఎనిమిదిన్నరకు వచ్చింది. దారిలో అక్కడా ఇక్కడా ఆపి, చివరికి ఊళ్లో మాకు మిగిల్చింది గంటన్నర. అందులో 40 నిమిషాలు రాతిబొమ్మల షాపులోనే పోయాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులని కుర్చీ వేశారు. ఆ వెంటనే 4,500 రూపాయల వినాయకుణ్ణి ఆమె ఒళ్లో పెట్టారు. వద్దంటే "కొననప్పుడు ఇంతసేపు ఎందుకు కూర్చున్నారు" అని అమ్మ మీద విసుక్కున్నాడు షాపతను. మా ఆయన ముఖం ఎర్రబడిపోయింది. అర్జునుడి తపస్సు శిల్పాన్ని కిటికీలోంచి చూపించి "అదే సార్" అనేసి బండి పోనిచ్చారు. రాత్రి అమ్మ "నావల్లే లేటయిందా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

రెండు వారాలకి మళ్లీ వెళ్లాం. చెన్నైలోని తిరువాన్మియూరులో బస్సెక్కి, 1,600 గదిలో ఒక రాత్రి ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది.

పొద్దున ఆరింటికే తీరాలయం, అంటే సముద్రం ఒడ్డునున్న గుడి, తెరుస్తారు. 40 రూపాయల టికెట్ దాచుకోండి, రథాల ఆకారంలో రాతిని చెక్కిన పంచరథాలకీ అదే పనిచేస్తుంది. తీరాలయం 8వ శతాబ్దం మొదట్లో పల్లవ రాజు రాజసింహుడు రాళ్లు పేర్చి కట్టించిన గుడి. గాలికీ ఉప్పుకీ శిల్పాల ముక్కూ మొహం అరిగిపోయాయి. అంతకుముందటి రథాలు మాత్రం కట్టినవి కావు, నిలబడి ఉన్న బండల్నే చెక్కారు.

అర్జునుడి తపస్సు రోడ్డు పక్కనే ఉంది, టికెట్ అడగలేదు. ముందరి కాళ్లు పైకెత్తి దొంగ తపస్సు చేసే పిల్లినీ, దాని చుట్టూ చేరిన ఎలుకల్నీ వెతికి మరీ చూడండి.

దాని పక్కనే కృష్ణ మండపం. బండ మీది శిల్పానికి ఎదురుగా విజయనగరం కాలంలో స్తంభాల మండపం కట్టడంతో లోపల చల్లగా ఉంటుంది. ఆ శిల్పంలో గోవర్ధనం ఎత్తిన కృష్ణుడికి దగ్గర్లోనే, ఒకాయన కూర్చుని ఆవు పాలు పిండుతున్నాడు. ఆవు మెడ తిప్పి దూడని నాకుతోంది. అమ్మ ఇరవై ఏళ్లు పాడి చేసిన మనిషి. అక్కడే ఆగిపోయింది. "చూడవే, అలా నాకితేనే ఆవు పాలు చేపుద్ది. ఇది చెక్కినోడు పాలు పిండినోడే" అంది. మోకాళ్ల సంగతి మర్చిపోయి అరగంట నిలబడింది. మా ఆయన టీ తెచ్చి ఇచ్చినా కదల్లేదు.

బస్సులు, గది, టికెట్లు, ఆటో, తిండి అన్నీ కలిపితే ముగ్గురికి 2,830 అయింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లయితే రథాల దాకా ఆటో మాట్లాడుకోండి, మాకు 150 తీసుకున్నాడు.

తిరుగు బస్సులో అమ్మ పిన్నికి ఫోన్ చేసి, ఆ ఆవు గురించే చెప్తూ కూర్చుంది.