డెమోలో మోగింది ఆ స్పీకర్లు కాదు! పాత ఫ్లోర్‌స్టాండర్లు కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. కోఠీలో పాత స్టీరియోల కోసం తిరిగే వాళ్ళలో సగం మందికి ఎవరో అర్థమైపోతుంది.

శనివారం 38,000 ఇచ్చి సెకండ్‌హ్యాండ్ ఫ్లోర్‌స్టాండర్ల జత, అంటే నేల మీద నిలబెట్టే పొడుగు స్పీకర్లు, తెచ్చుకున్నాను. 8 అంగుళాల వూఫర్ (లోతైన బేస్ శబ్దం పలికించే భాగం), త్రీ-వే (బేస్‌కి, మధ్య స్వరాలకి, పై స్వరాలకి వేర్వేరు భాగాలు), 8 ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు). నేను వినేదంతా రాక్. బల్ల మీద పెట్టుకునే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో గిటార్ బాగానే పలుకుతుంది గానీ డ్రమ్స్‌కి బరువు రాదు. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దాకా దిగుతుంది, చిన్న వూఫర్‌కి అది అందదు. అందుకే ఏడాది పాటు డబ్బు దాచాను.

డెమోలో నా ఫోన్‌లోని పాటలే పెట్టాడు. కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా గుండెల మీద ఎవరో చరిచినట్టుంది. పక్కన గుడ్డ కప్పిన పెట్టె ఏదో ఉంటే దాని మీద నా హెల్మెట్ పెట్టాను. బేస్ వచ్చినప్పుడల్లా హెల్మెట్ గడగడలాడింది. ఆహా, ఫ్లోర్‌స్టాండర్ల దెబ్బ ఇదీ అని మురిసిపోయాను. "ఇవి అందరికీ అమ్మను సార్, మీకు చెవి ఉంది" అన్నాడు. ఉన్న ఆ చెవిలోనే పువ్వు పెట్టాడు. బిల్లు అడిగితే "పాత సామానుకి బిల్లేంది సార్, నేనెక్కడికి పోతా?" అన్నాడు. నేను తలూపి ఫోన్‌పే కొట్టాను. ఇరవయ్యేళ్ళుగా పాటలు వింటున్న మేధావిని కదా!

ఇంటికొచ్చి పెడితే డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టున్నాయి. కుడి స్పీకర్ బరబరమంటోంది. "మిక్సీ ఆన్‌లో ఉందా?" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చింది. ఒక స్పీకర్‌కి వైర్లు తిరగేశానేమో, అలా అయితే బేస్ చచ్చిపోతుంది కదా అని ఎరుపూ నలుపూ మార్చి చూశాను. అది కాదు. గంటకి ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోయింది. మల్టీమీటర్ పెడితే ఎడమది 6.2 ఓమ్‌లు, కుడిది 3.4. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో ఆరు చూపించడం మామూలే, మూడున్నర చూపిస్తే మాత్రం లోపల వేరే సరుకున్నట్టే. స్క్రూలు విప్పాను. ఎడమదానికి బరువైన అయస్కాంతం, కంపెనీ స్టిక్కర్ ఉన్నాయి. కుడిదాంట్లో స్టిక్కర్ లేదు, అయస్కాంతం బిస్కెట్ అంత ఉంది, అంచుల్లో ఫెవిబాండ్ కారి ఎండిపోయింది. ఎవరో 4 ఓమ్‌ల లోకల్ వూఫర్ ఇరికించారు.

ఇవాళ ఆటోలో వేసుకుని తీసుకెళ్ళాను. నిజంగా చెప్తున్నా, గొడవ పెట్టుకోవాలని వెళ్ళలేదు. వాడికీ తెలియకపోయి ఉండొచ్చు, మార్చి ఇస్తాడనుకున్నాను. చూశాడు. కనీసం ముందున్న గ్రిల్ మూత కూడా తీయలేదు. "ఫుల్ సౌండ్ పెట్టి కాల్చుకున్నవ్. బయట చిల్లర వూఫర్ ఏయించి నా నెత్తిన పెట్టనీకి వచ్చినవా?" అన్నాడు. షాపులో నలుగురున్నారు. అందరూ నా వైపే చూశారు, దొంగని చూసినట్టు. శనివారం మాటకి రెండు సార్లు "సార్" అన్న నోరు అది. మూడు రోజుల్లో నువ్వు, గివ్వు! నాకు మాట పెగల్లేదు. వాడు ఆగలేదు. "గా డబడబ సప్పుడుకి గింతకన్న మంచి స్పీకర్ ఎందుకు నీకు?" అన్నాడు. పనికుర్రాడు కిసుక్కున నవ్వాడు. డబ్బు సంగతి తర్వాత, ఆ నవ్వే ఇప్పటికీ చెవిలో ఉంది.

అప్పుడు కనిపించింది, నేను హెల్మెట్ పెట్టిన పెట్టె. గుడ్డ పక్కకి జరిగి ఉంది. 12 అంగుళాల సబ్‌వూఫర్, అంటే బేస్ ఒక్కటే మోగించే విడి స్పీకర్, పచ్చ లైటు వెలుగుతోంది. శనివారం హెల్మెట్‌ని ఆడించింది ఇదే! ఇంకెవరికో రెండు చిన్న స్పీకర్లు వినిపిస్తున్నాడు, ఆయన మొహంలో శనివారం నాటి నా మొహం కనిపించింది. "సబ్ ఆపి వినండి సార్" అన్నాను. ఓనర్ కౌంటర్ దాటి వచ్చి "నడువ్ బయటికి" అన్నాడు. ఆ పెద్దమనిషి ఆపించాడో లేదో తెలియదు.

బిల్లు లేదు, ఫోన్‌పే రసీదు ఒక్కటే ఉంది. అందులో షాపు పేరు కూడా లేదు, ఎవరిదో పర్సనల్ నంబర్. దానితోనే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను, ఏమంటారో చూడాలి.

కొనేవాళ్ళుంటే గదిలో మిగతావన్నీ ప్లగ్ పీకించి వినండి. గ్రిల్స్ తీయించి రెండు వూఫర్లూ పక్కపక్కన చూడండి. మూడొందల మల్టీమీటర్ జేబులో వేసుకెళ్ళండి. చేతిరాత బిల్లయినా సరే, తీసుకోండి.

ఎడమ స్పీకర్ మాత్రం బంగారం. ప్రస్తుతానికి ఆ ఒక్కదాంతోనే మోనోలో వింటున్నాను. దానికి సరిపోయే అసలు వూఫర్ ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, మీటర్ తీసుకుని వస్తాను.