విజయనగరం మట్టి కొట్టు వాళ్ళ కబుర్లు: కొన్నేళ్ళు విన్నాక నా మాట

కొత్త సరుకు వచ్చిందని మెసేజ్ పెట్టని కొట్టు ఈ రోజుల్లో లేదు. తాము అమ్మిన సరుకులో తేడా ఉందని, కొన్నవాళ్ళకి తెలియకముందే తామే చెప్పే కొట్టు మాత్రం నేను చూసింది ఒక్కటే. విజయనగరంలో కుండల పనికి కావలసిన మట్టీ, రంగులూ, పనిముట్లూ అమ్మే ఒక కుటుంబం అది. పేరు రాయను. రాయమంటారా అని పెద్దాయన్ని అడిగితే, "ఉన్న బేరాలకే మట్టి సాల్డం లేదమ్మా, ఇంకా పేరెందుకు" అన్నారు. ఈ పనిలో ఉన్న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

అక్కడ ఏమేం దొరుకుతాయో, మూట ఎంతో ఫోన్ చేస్తే వాళ్ళే చెప్తారు. నేను రాసేది వాళ్ళు వాట్సాప్‌లో పంపే కబుర్ల గురించి. వాళ్ళ మట్టి మామూలు మట్టే. వాళ్ళని వదలకుండా ఉండడానికి నాకున్న కారణం ఆ కబుర్లే.

ఒక మెసేజ్ ఇలా ఉంటుంది: "కొత్త లోడు దిగింది. పాతదానికంటే ఇసుక ఎక్కువ. సారె (కుమ్మరి చక్రం) మీద అరచెయ్యి గీసుకుంటుంది. చిన్న గిన్నెలకి వద్దు, పూలకుండీలకి బాగుంటుంది. వంద మిల్లీమీటర్ల బద్ద 1000 డిగ్రీల దగ్గర కాలిస్తే 91 అయింది." అంతే. నమస్కారం లేదు, ఆఫర్ లేదు. ఇసుక ఎక్కువని తెలిశాక కొనడం మానేసేవాళ్ళు ఉంటారని వాళ్ళకి తెలియక కాదు.

ఆ చివరి అంకె, అంటే వంద మిల్లీమీటర్ల పచ్చిమట్టి బద్ద ఆరి కాలాక ఎంత పొడవు మిగిలిందన్నది, దాని విలువ మూతలున్న డబ్బాలు చేసేవాళ్ళకి తెలుస్తుంది. చెరువు మట్టి ఫ్యాక్టరీ సరుకులా ఒక్క తీరున ఉండదు. గొయ్యి నాలుగడుగులు జరిగితే జిగురు మారుతుంది, ఇసుక పాలు మారుతుంది. ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు కొంత కుంచించుకుపోతుంది, ఆ రెండూ కలిపి ఎంతన్నది లోడు లోడుకీ వేరు. డబ్బా పాత లోడుతో, మూత కొత్త లోడుతో చేస్తే రెండూ విడివిడిగా చక్కగా కాలతాయి, ఒకదాని మీద ఒకటి కూర్చోవు. పట్నం నుంచి మట్టి తెప్పించుకున్న రోజుల్లో నాకు ఈ సంగతి బట్టీ తలుపు తీశాకే తెలిసేది. వీళ్ళ దగ్గర మూట విప్పకముందే తెలుస్తుంది.

పెద్దాయన రాయరు, వాయిస్ మెసేజ్‌లు పెడతారు. మధ్యలో ఎవరినో కేకలేస్తారు, ఆటో వాడితో బేరమాడతారు, మళ్ళీ మట్టి దగ్గరికి వస్తారు. ఓపిగ్గా వినాలి. కాని ఆ గొంతులో "ఈసారి మట్టి నాకు నచ్చనేదు" అన్న మాట వినపడితే నేను ఆ లోడు కొనను. అది నాకు ఏ పరీక్ష రిపోర్టు కంటే ఎక్కువ.

ఇక అసలు సంగతి. వీళ్ళ మీద నాకు ఇంత గురి కుదరడానికి కారణం ఒక కార్తీకం.

ఆ ఏడాది దసరా ముందు నుంచీ వానలు. వాళ్ళు ఎప్పుడూ మట్టి తీయించే చెరువు నిండిపోయి పాత గొయ్యి మునిగింది. దాంతో గట్టుకి అవతలి వైపు కొత్తచోట తవ్వించారు. ఈ సంగతి అప్పుడే మెసేజ్‌లో చెప్పారు, "చోటు మారింది, చూసుకుని వాడండి" అని. మట్టి చూడ్డానికి బాగానే ఉంది, సారె మీద వెన్నలా లేచింది. కార్తీక పౌర్ణమికి దీపాలు వెలిగించే ఒక కమిటీ వాళ్ళు ప్రమిదలు అడిగారు. చిన్న విడత ముందు కాల్చి నమూనాగా కొన్ని పక్కన పెట్టుకున్నాను, తర్వాత పెద్ద విడత బట్టీలో పెట్టాను. మాది చిన్న కరెంటు బట్టీ. స్విచ్ కట్టేశాక చల్లారడానికి ఒక రాత్రీ, మర్నాడు పూటా పడుతుంది.

బట్టీ ఇంకా చల్లారుతుండగా మెసేజ్ వచ్చింది. ఈసారి పెద్దాయన గొంతు కాదు, వాళ్ళమ్మాయి రాసింది: "ఈ లోడు మట్టిలో సున్నపు పలుకులు ఉన్నాయి. మా దగ్గర కాల్చినవి పెచ్చులు లేస్తున్నాయి. ఇంకా కాల్చనివాళ్ళు ఆగండి. మూటలు వెనక్కి తీసుకుంటాం. కాల్చేసినవాళ్ళు వెంటనే ఫోన్ చేయండి."

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ చేస్తే పెద్దాయన భార్య ఎత్తారు. ఆవిడ నాకు మాటల్లోనే పరిచయం, నేను పిన్నిగారంటాను.

"కాల్చీసినావేటి తల్లీ?"

"కాల్చేశాను పిన్నీ. బట్టీ ఇంకా తెరవలేదు."

"మంచిదయ్యింది. తెరవకు. చెయ్యి పెట్టగలిగేంత గోరెచ్చగా అయినాక తీసి, తిన్నగా నీళ్ళల్లో ముంచీ. బయట పెట్టి చూసుకుంటూ కూకోకు. గాలి తగిలీలోపు నీళ్ళు తగలాల. రాత్రంతా నాననీ."

నీళ్ళలో వేస్తే నయమవడమేమిటని నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత వాళ్ళమ్మాయి విడమరిచి చెప్పింది. మట్టిలో ఉన్న సున్నపురాయి పలుకు, నత్తగుల్ల ముక్క అయినా సరే, బట్టీలో ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ వదిలేసి పొడి సున్నం అవుతుంది. బట్టీ తెరిచినప్పుడు ప్రమిద నున్నగా, ఏ లోపం లేకుండా కనిపిస్తుంది. ఆ తర్వాత గాలిలో తేమని ఆ పలుకు కొద్దికొద్దిగా పీల్చుకుని ఉబ్బుతుంది. చుట్టూ ఉన్నది కాలి గట్టిపడ్డ మట్టి, సాగదు. ఒక రోజుకో, పది రోజులకో పైపెచ్చు ఎగిరిపోతుంది. మన సముద్రపు గాలికి ఇంకా తొందరగా. అదే ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే సున్నం అక్కడికక్కడే నాని మెత్తబడిపోతుంది. వెనకటికి సంక్రాంతికి గోడలకి వేసే సున్నాన్ని గాబులో నీళ్ళు పోసి ఉడికించేవారు చూడండి, అదే పని ప్రమిద లోపల జరుగుతుందన్నమాట. ఇటుకల బట్టీల వాళ్ళకి ఇది పాత చిట్కానట, సున్నం ఉన్న మట్టితో చేసిన ఇటుకల్ని బట్టీ దించగానే తడిపేస్తారట.

మర్నాడు మధ్యాహ్నం తెరిచి, నీళ్ళ డ్రమ్ములోకి, బిందెల్లోకి, చివరికి పిల్లల స్నానాల టబ్బులోకి ప్రమిదలు దించాను. బుడగలు వస్తుంటే ఏమవుతుందోనని టెన్షన్. ఒకటీ అరా నీళ్ళలోనే పెచ్చు ఊడాయి. మిగతావి నిలిచాయి. ఆరబెట్టడమే నరకమైంది. ఆ ముసురులో అవి ఆరడానికి బట్టీ కాల్చినదానికంటే ఎక్కువ రోజులు పట్టాయి. కొన్నింటి మీద తెల్లటి పూత తేలింది, తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోయింది. కమిటీ వాళ్ళకి విషయం దాచకుండా చెప్పి ఇచ్చాను. పౌర్ణమి నాడు ఏ ఫోనూ రాలేదు.

ముందు విడతలో పక్కన పెట్టుకున్న నమూనాలు గుర్తున్నాయి కదా, నీళ్ళు చూడనివి. నాగుల చవితి దాటిందో లేదో, అలమరలో టప్పున చప్పుడు. అంచు మీద గోరంత పెచ్చు లేచి, గుంట అడుగున ఆవగింజంత తెల్లటి చుక్క. తర్వాత ఒక్కొక్కటే అదే దారి. ఒకే మట్టి, ఒకే బట్టీ, దాదాపు ఒకే వేడి. ఆ మెసేజ్ ఒక్క రోజు ఆలస్యమై ఉంటే, నూనె పోసి ఒత్తి వెలిగించిన ప్రమిదలు జనం మధ్య పగిలేవి.

అప్పటి నుంచి వాళ్ళు ప్రతి లోడునీ యాసిడ్‌తో చూస్తున్నారు. ఎండిన మట్టి మీద బాత్రూం కడిగే యాసిడ్ కొద్దిగా నీళ్ళు కలిపినది చుక్క వేస్తే, సున్నం ఉన్నచోట బుసబుసమని పొంగుతుంది. మెసేజ్‌లో ఇప్పుడు "పొంగలేదు" అన్న మాట కూడా చేరింది. నేనూ ఇంట్లో ఇదే చేస్తున్నాను, గ్లోవ్స్ వేసుకుని, పెరట్లో.

విప్పని మూటలు వెనక్కి తీసుకున్నారు, మాట తప్పలేదు. మూటలు విజయనగరం చేర్చే ఖర్చు మాత్రం నాదే. కాల్చిన కరెంటు బిల్లూ నాదే. మేము ఉండేది ఆమదాలవలస. పొందూరు, చీపురుపల్లి మీదుగా రైలు ఉంది కాబట్టి సరిపోయింది. మా జిల్లా ముఖలింగం గుడిలో కుమ్మరి మొక్కుకున్న గోలెం, అంటే పెద్ద మట్టి తొట్టి, గుమ్మంలో పట్టకపోతే రాత్రికి రాత్రి దానంతటదే గర్భగుడిలోకి చేరిందని చెప్పుకుంటారు. పాతిక కిలోల మట్టి మూట ప్లాట్‌ఫారం మీద మోసిన ప్రతిసారీ నాకు ఆ కుమ్మరి మీద అసూయ పుడుతుంది.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని మాటలు చెప్పకపోతే అన్యాయం.

మొదట్లో ఎవరు ఏ లోడు కొన్నారో చూసుకుని వాళ్ళకే విడిగా పంపేవారు. ఇప్పుడు గ్రూపు చేశారు. అందులో పండగ శుభాకాంక్షలు, ఎవరో చేసిన గణపతి ఫొటోలు, కరెంటు సారె మీద తగ్గింపు, దాని కింద ముప్ఫై చప్పట్ల బొమ్మలు. మొన్నొక మెసేజ్, మట్టిలో తేమ ఎక్కువుంది, తూకంలో చూసుకోండి అన్నది, వీటన్నిటి మధ్యా కూరుకుపోయి నాలుగు రోజుల తర్వాత నా కంట పడింది. అమ్మాయికి చెప్పాను. మట్టి కబుర్లకి వేరే గ్రూపు పెడతానంది. ఇది రాసే సమయానికి ఇంకా పెట్టలేదు.

ఆ 91 అన్న అంకెని కూడా పట్టుకుని వేలాడకూడదని తేలింది. అది వాళ్ళ నీడలో ఆరి, వాళ్ళ బట్టీలో కాలిన బద్ద. నేను మట్టి కాస్త పలచగా కలుపుకుంటాను, నా దగ్గర అదే లోడు 90కి దిగుతుంది. మూతకి ఆ ఒక్క మిల్లీమీటరు తేడా చాలు. కాబట్టి వాళ్ళ అంకె చూసి లోడు మారిందా లేదా అన్నది తెలుసుకుంటాను, కొలతకి మాత్రం నా బద్ద నేనే కాల్చుకుంటాను.

మట్టి విషయంలో ఉన్న నోరు గ్లేజుల విషయంలో, అంటే గిన్నెల మీద వేసి కాల్చే గాజులాంటి పూతల విషయంలో, వాళ్ళకి లేదు. మట్టి వాళ్ళు తవ్వించుకునేది. గ్లేజు పొడులు బయటి నుంచి వస్తాయి, వీళ్ళు పొట్లాలు కడతారు. "సప్లయర్ మారాడు" అని ఒకసారి ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నారు. ఏం మారింది, సీసం ఉందా లేదా అంటే కనుక్కుని చెప్తామన్నారు, గుర్తు చేస్తే గాని చెప్పలేదు. మనం చింతపండు పులుసు పోసుకునే గిన్నెలు ఇవి. పులుపు తగిలితే సీసం ఉన్న గ్లేజు లోంచి ఆ సీసం కూరలోకి దిగుతుంది. అందుకని సీసం లేదన్న కాగితం చూపిస్తే తప్ప తినే గిన్నెలకి వీళ్ళ గ్లేజు వాడను. ఇంకొకటి: గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్న జిల్లాలో ఉంటూ కూడా, నలుపు గోధుమ రంగులకి వాడే మాంగనీసు పొడి పొట్లం మీద మాస్కు వేసుకోండి అన్న మాట వాళ్ళు ఈ మధ్యే రాశారు. ఆ దుమ్ము, బట్టీలోంచి వచ్చే పొగ ఎక్కువకాలం పీలిస్తే నరాలకి చేటు. మట్టి గురించి అంత చెప్పేవాళ్ళు ఇది ముందే చెప్పాల్సింది.

మరి కొనమంటారా అంటే, నా సంగతి వేరు. నేను చేసేది తక్కువ వేడి పని, వెయ్యి డిగ్రీల లోపల ఎర్రమట్టి. నెలకి నాలుగైదు మూటలు మించవు, ఇంటి నుంచి స్టేషన్ దగ్గర. మీరు 1200 డిగ్రీలు దాటి కాల్చే స్టోన్‌వేర్, అంటే రాయిలా గట్టిపడే సామాను, చేస్తుంటే ఈ మట్టి ఆ వేడికి నిలబడదు, వంగిపోతుంది. వీళ్ళ దగ్గర తెల్లమట్టి పేరుకి ఉంటుంది గాని దాని గురించి కబురేదీ రాదు. సొంత చెరువు మట్టి వాడుకునే కుమ్మరి కుటుంబాలకి వీళ్ళతో పనే లేదు. వాళ్ళ చేతికి తెలిసినంత ఏ మెసేజూ చెప్పలేదు. కొత్తగా మొదలుపెట్టి, ఇంట్లోనే చిన్న బట్టీ పెట్టుకుని, చుట్టూ అడగడానికి ఎవరూ లేనివాళ్ళకి మాత్రం చెప్తాను, ఒక్క మూటైనా కొని ఆ గ్రూపులో చేరండి. చేరాక మిగతా చప్పుడంతా మ్యూట్ చేసి, బట్టీ వెలిగించే ముందు ఒకసారి పైదాకా జరిపి చూసుకోండి.

తాజా కబురేమిటంటే, చెరువు మళ్ళీ నిండింది, కొత్తచోట తవ్వించే ఉద్దేశం ఈసారి లేదట, సంక్రాంతి దాటాకే లోడు. ఈలోపు ఎవరి దగ్గరైనా మూటలుంటే సర్దుకోమన్నారు. నా దగ్గరున్నవి ముందే మాటిచ్చిన పనికి సరిపోతాయి, దయచేసి అడక్కండి.