విదేశీ భార్యని తీసుకుని ఎమర్జెన్సీలో ఇండియాకి: ఈ-వీసా, ఎంట్రీ వీసా, ఓసీఐ మూడూ పెట్టి చూశాక నా రివ్యూ

నాది ఇండియన్ పాస్‌పోర్ట్, మా ఆవిడది జర్మన్. 2016 చివర్లో జర్మనీలోనే రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. అప్పట్నుంచి ఇంట్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాలేక ఉన్నపళంగా బయల్దేరాల్సి రావడం మూడుసార్లు అయింది, మూడుసార్లూ ఆవిడ చేతిలో ఉన్న కాయితం వేరే. ఈ-వీసా అంటే ఆన్‌లైన్‌లో పెట్టుకునేది, ఎంట్రీ వీసా అంటే పాస్‌పోర్ట్‌లో స్టాంపు వేసిచ్చేది, ఓసీఐ అంటే ఇండియా సంతతి వాళ్ళకీ, ఇండియన్ల భార్యాభర్తలకీ ఇచ్చే కార్డు. వీసాకి రివ్యూ ఏంటి అంటారేమో, ఫ్రిజ్ కొనడానికి ఇరవై రివ్యూలు చదివే వాళ్ళం, ఆ రాత్రి నాకు దీని గురించి సరిగ్గా చెప్పినవాడు ఒక్కడు దొరకలేదు, అందుకే రాస్తున్నా.

2017లో నాన్నకి పక్షవాతం వచ్చింది. శుక్రవారం రాత్రి ఫోన్. నేనైతే టికెట్ కొనుక్కుని ఎక్కేస్తా, ఆవిడకి వీసా లేదు. "సెలవులకి వెళ్ళేటప్పుడు చూద్దాంలే" అని ఏడాదిగా నెట్టుకొచ్చింది నేనే. సరే ఈ-వీసా పెడదామని వెతికితే పైపైన వచ్చే సైట్లు సగం ప్రైవేటువి, జెండా బొమ్మా మూడు సింహాలూ పెట్టి అచ్చం గవర్నమెంటు సైటులానే ఉంటాయి, అసలుకి రెండు మూడింతలు గుంజుతాయి. అసలుది ఇండియన్‌వీసాఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర్లో గవ్ డాట్ ఇన్ లేకపోతే వెంటనే మూసేయండి.

ఫారం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కానీ కంగారులో ఉన్నవాడికి నరకం. వాళ్ళమ్మ ఎక్కడ పుట్టింది, తాతముత్తాతల్లో ఎవరైనా పాకిస్తాన్ వాళ్ళా, పదేళ్ళలో ఏయే దేశాలు తిరిగారు, అన్నీ అడుగుతుంది. పాస్‌పోర్ట్ పేజీ పీడీఎఫ్ 300 కేబీ లోపు ఉండాలి, నా ఫోన్‌తో తీసింది 2 ఎంబీ వచ్చింది, తగ్గిస్తే పేరు మసకబారిపోతోంది, తగ్గించకపోతే సైట్ తీసుకోదు. రాత్రి రెండింటికి మా ఆవిడ డైనింగ్ టేబుల్ మీద పాస్‌పోర్ట్ తెరిచి రెండు చేతులతో అంచులు నొక్కి పట్టుకుంటే నేను కుర్చీ ఎక్కి పైనుంచి ఫోటోలు తీస్తున్నా, లైటు వెలుగు ఆ ప్లాస్టిక్ పేజీ మీద పడి ప్రతిసారీ పుట్టిన తేదీ దగ్గరే తెల్లగా కొట్టేస్తోంది. ఎన్నోసారికో కుదిరింది. అప్పుడు కనపడింది అసలు సంగతి, ఇండియాలో దిగే తేదీకి కనీసం నాలుగు రోజుల ముందు అప్లై చెయ్యాలట. నాన్న ఐసీయూలో ఉంటే నాలుగు రోజులేంటి! అయినా పెట్టేశాం.

ఇంకో మాట, మా చుట్టాల్లో ఒకాయన "మెడికల్ అటెండెంట్ వీసా పెట్టండి, తొందరగా ఇస్తారు" అన్నాడు. పెట్టకండి. అది ఇండియాకి ట్రీట్‌మెంట్ కోసం వచ్చే విదేశీ పేషెంట్ వెంట వచ్చేవాళ్ళకి, ఇండియాలో ఉన్న మామగార్ని చూడ్డానికి కాదు. ఈ-టూరిస్ట్‌లోనే చుట్టాల్ని కలవడం అనే కారణం ఉంటుంది, అదే పెట్టాలి.

శనివారం పొద్దున ఎంబసీ వాళ్ళ ఎమర్జెన్సీ నంబరుకి చేశా. ఇది చాలామందికి తెలీదు, చావుబతుకుల కేసులకి సెలవు రోజుల్లో కూడా వీసా చూస్తారు. ఎత్తినాయన నెమ్మదిగానే మాట్లాడాడు కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "పేషెంటుకీ ఈవిడకీ ఏం సంబంధమో నాకు కాయితం మీద చూపించండి."

మనకేమో మామగారు అంటే అయిపోయింది. కాయితాల్లో అది గొలుసు. నాన్న ఆధార్, దాన్నుంచి నా పాస్‌పోర్ట్ చివరి పేజీ (అమ్మానాన్నల పేర్లు ఉండేది అక్కడే, ఇన్నేళ్ళలో నేను ఆ పేజీ సరిగ్గా చూసింది లేదు), దాన్నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్, దాన్నుంచి ఆవిడ పాస్‌పోర్ట్. ఏ ఒక్కచోట పేరు తేడా వచ్చినా గొలుసు తెగిపోద్ది. నా పాస్‌పోర్ట్ పెళ్ళికి ముందు తీసుకున్నది కాబట్టి భార్య పేరు గడి ఖాళీ. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంది కానీ మొత్తం జర్మన్‌లో ఉంది. ఇక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే ఇంగ్లీష్‌తో సహా చాలా భాషలున్న ఇంటర్నేషనల్ కాపీ ఇస్తారు, పెళ్ళిరోజే ఇంకొన్ని యూరోలు కట్టి తీసుకుంటే పోయేది. శనివారం ఆఫీసు ఉండదుగా.

ఇక హాస్పిటల్ లెటర్. బాబాయ్ మొదట వాట్సాప్‌లో పంపింది "పేషెంట్ మా దగ్గర చికిత్స పొందుతున్నారు" అని ఒక్క లైను, జలుబుకి కూడా అదే ఇస్తారు. మళ్ళీ వెళ్ళి డాక్టర్ని పట్టుకుని లెటర్‌హెడ్ మీద రాయించాడు: జబ్బు పేరు, పరిస్థితి సీరియస్‌గా ఉంది, కొడుకూ కోడలూ రావాలి, తేదీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు, స్టాంపు. కోడలి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో అక్షరం అక్షరం ఫోన్లో చెప్పా, పాపం ఆయన చార్జింగ్ అయిపోతున్న ఫోన్‌తో ఐసీయూ బయట నిలబడి రాసుకున్నాడు.

ఆదివారం నేను ఒక్కణ్ణే ఎక్కేశా. సోమవారం ఆవిడ రిజిస్ట్రార్ దగ్గర ఆ కాపీ తీసుకుని అట్నుంచి అటే ఎంబసీ వాళ్ళ కౌంటర్‌కి వెళ్తే సాయంత్రానికి మూడు నెలల ఎంట్రీ వీసా స్టాంపు వేసిచ్చారు. ఈ-వీసా మర్నాడు గ్రాంటెడ్ అని వచ్చింది, ఫీజు వెనక్కి రాదు, పోయినట్టే. ఆవిడ వచ్చేసరికి నాన్న కళ్ళు తెరిచాడు, అది మా అదృష్టం, వీసాది కాదు. ఈ-వీసాకి నా మార్కులు పదికి ఆరు, అదీ సెలవులకైతేనే.

2018లో బుద్ధొచ్చి, ఇండియన్ భర్త ఉన్నవాళ్ళకిచ్చే ఎంట్రీ వీసా అయిదేళ్ళకి మల్టిపుల్ తీసుకున్నాం. రెండుసార్లు హాయిగా వెళ్ళొచ్చాం, ఇంక చింత లేదనుకున్నా. కోవిడ్ వచ్చి 2020 మార్చి 13 నుంచి ఇండియా వీసాలు దాదాపు అన్నీ సస్పెండ్. జూన్‌లో అమ్మకి సీరియస్ అయింది. నేను వందే భారత్ ఫ్లైట్‌లో (బయట చిక్కుకున్న ఇండియన్లని తేవడానికి గవర్నమెంటు నడిపినవి) సీటు దొరికించుకుని వెళ్ళా, ఆవిడ అయిదేళ్ళ వీసా ఉన్న పాస్‌పోర్ట్ ఒళ్ళో పెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. ఒక ఆఫీసుకి మెయిల్స్ పెట్టాం, పేరెందుకులే, జవాబు రాలేదు. ఇక్కడ ఒళ్ళు మండే విషయం ఏంటంటే మే 22నే ఓసీఐ ఉన్నవాళ్ళలో కొందరికి తలుపు కొంచెం తీశారు, కుటుంబంలో ఎమర్జెన్సీ అయితే రావచ్చని. పెళ్ళి రిజిస్టర్ అయి రెండేళ్ళు నిండితే భార్య కూడా ఓసీఐకి అప్లై చెయ్యొచ్చు, అంటే 2018 చివరికే మాకు అర్హత ఉంది. వీసా ఉందిగా అని పట్టించుకోలేదు. అక్టోబర్ 22న ఎంట్రీ వీసాలు మళ్ళీ పనిచేస్తాయన్నారు, ఆవిడ నవంబర్‌లో వచ్చింది, అప్పటికి అమ్మ ఇంటికొచ్చి లేచి తిరుగుతోంది. అయిదు నెలలు వీడియో కాల్‌లోనే అత్తాకోడళ్ళు.

2021లో ఓసీఐ పెట్టాం. ఫీజు 275 డాలర్లకి సమానం. జర్మన్ మ్యారేజ్ సర్టిఫికెట్ అసలుదేనని అధికారికంగా ధ్రువీకరణ చేయించాలి, భార్యాభర్తల కేసులకి సెక్యూరిటీ క్లియరెన్స్ తప్పనిసరి, మమ్మల్నిద్దర్నీ పిలిచి మాట్లాడారు కూడా. మాకు ఏడు నెలలు పట్టింది. అంటే ఇల్లు అంటుకున్నాక నుయ్యి తవ్వినట్టే, మంచం పట్టినవాళ్ళ కోసం దీనికి అప్లై చెయ్యడం దండగ, అప్పుడు ఎమర్జెన్సీ కౌంటరే దిక్కు.

వచ్చాక మాత్రం సుఖం. జీవితకాలం వీసా, ఎన్నాళ్ళున్నా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల వివరాలు నమోదు చేసే ఆఫీసు) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023లో అమ్మ జారిపడి తుంటి విరిగితే రాత్రి పదింటికి ఫోనొచ్చింది, మర్నాడు పొద్దున ఇద్దరం ఒకే ఫ్లైట్‌లో పక్కపక్క సీట్లలో. ఒకే ఫ్లైట్ ఎక్కడానికి ఆరేళ్ళు పట్టింది మాకు. దీనికి తొమ్మిది మార్కులు. ఒకటి ఎందుకు కోశానంటే, భార్య కోటాలో వచ్చిన ఓసీఐకి కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన ప్రతిసారీ మూడు నెలల్లోపు దాని కాపీ, ఫోటో అప్‌లోడ్ చేసి, మా పెళ్ళి ఇంకా నిలిచే ఉంది అని డిక్లరేషన్ ఇవ్వాలి. విడాకులైతే కార్డు పోతుంది. పోయినేడాది ఆ డిక్లరేషన్ నింపుతూ మా ఆవిడ పెన్ను పట్టుకుని నావంక చూసి కాసేపు ఆలోచించినట్టు నటించింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నీలం ఫోల్డర్ ఉంది, ఆ గొలుసు మొత్తం వరసలో పెట్టి స్కాన్లు కూడా సైజు తగ్గించి ఇద్దరి ఫోన్లలో ఉంచాం. హాస్పిటల్ లెటర్ నమూనా బాబాయ్ దగ్గర కూడా ఉంది, వాళ్ళ వీధిలో ఇంకో ఇద్దరికి ఇచ్చాడట. నా పాస్‌పోర్ట్ 2026లో అయిపోతుంది, రెన్యూవల్ ఫారంలో ఆ భార్య పేరు గడి ఈసారి ఖాళీగా వదలను.